ఉర్బీనో చూసినవారు వోల్తెర్రా కూడా చూడాలి: ఒక కిరాయి సేనాని ఊళ్లు

పదిహేనవ శతాబ్దపు ఇటలీలో యుద్ధం ఒక వృత్తి. ఫ్లోరెన్స్, వెనిస్, మిలాన్, నేపుల్స్ ప్రభుత్వాలూ రోములోని పోపూ తమ సొంత సైన్యాన్ని ఏడాది పొడవునా పోషించడానికి బదులు, తయారుగా ఉన్న దళాలతో సహా ఒక సేనానిని ఒప్పందం మీద కుదుర్చుకునేవారు. ఎన్ని గుర్రాలు, ఎంత కాల్బలం, ఎన్ని నెలలు, ఎంత జీతం అన్నవన్నీ అందులో రాసి ఉండేవి. గడువు తీరిన తరువాత అదే సేనాని నిన్నటి యజమాని కోటనే ముట్టడించినా లోకం పెద్దగా ఆశ్చర్యపోయేది కాదు. ఈ పనిలో బాగా ఆర్జించి, ఆ ఆర్జనతో చరిత్రలో మంచి పేరును కూడా కొనుక్కున్నవాడు ఉర్బీనో ప్రభువు ఫెదెరికో ద మోంతెఫెల్త్రో (1422–1482). హైదరాబాదు నుంచి బయలుదేరే ఇటలీ ప్యాకేజీలలో రోము, పీసా, ఫ్లోరెన్స్, వెనిస్ తప్ప అతడి ఊళ్లు సాధారణంగా ఉండవు కాబట్టి, మా అక్కా నేనూ రైళ్లూ బస్సులూ పట్టుకుని సొంతంగా తిరిగాము. ఎక్కడ ఆగవచ్చు, ఎక్కడ ఆగనక్కరలేదు, బస, తిండి, రాకపోకలు ఎలా ఉన్నాయి అన్నది ఇక్కడ రాస్తున్నాను. ముందుగా ఒక్క మాట: ఉర్బీనో ఒక్కటే చూసి వెనుదిరిగితే ఫెదెరికో తన గురించి మనం ఏమి నమ్మాలని కోరుకున్నాడో అదే నమ్మి వస్తాము.

మేము అతడి ఊరితో కాక అతడి శత్రువు ఊరితో మొదలుపెట్టాము. రిమినిని పాలించిన సిజిస్మోందో మలతెస్తా కూడా కిరాయి సేనానే, ధైర్యశాలే, కళాపోషకుడే. కానీ పోపు రెండవ పియుస్ 1462లో అతడిని బ్రతికుండగానే నరకవాసిగా ప్రకటించి, రోములో అతడి దిష్టిబొమ్మను తగలబెట్టించాడు. అదే ఏడాది సెనిగాల్లియా దగ్గర చెసానో నదీతీరాన ఫెదెరికో పోపు పక్షాన అతడిని చిత్తుగా ఓడించి, మరుసటి ఏడాది ఫానో పట్టణాన్ని కూడా లాక్కున్నాడు. సిజిస్మోందో మీద మోపిన ఘోరమైన నేరాలలో అధికభాగం అతడి శత్రువులు రాసిపెట్టినవే అన్న సంగతి మరచిపోకుండా, రిమినిలో అతడు కట్టించిన తెంపియో మలతెస్తియానో చూడాలి. పాత చర్చికి వాస్తుశిల్పి ఆల్బెర్తి గీసిన కొత్త తెల్లరాతి ముఖం తొడగబోయి, డబ్బూ కాలమూ ఎదురుతిరగడంతో పైభాగం మొండిగా వదిలేశారు. అనుకున్న గుమ్మటం ఏనాడూ లేవలేదు. ఓడిన సేనాని ఖజానా పరిస్థితి ఏమిటో ఆ మొండి గోడే చెబుతుంది. లోపల స్తంభాలను మోస్తున్న నల్లరాతి ఏనుగులు మలతెస్తాల వంశచిహ్నం. మన ఆలయాలలో ఏనుగులను చూసి పెరిగిన కళ్లకు వాటి చెవులు కాస్త విచిత్రంగా తోస్తాయి. పియెరో దెల్లా ఫ్రాంచెస్కా 1451లో గీసిన కుడ్యచిత్రంలో సిజిస్మోందో తన పేరుగల సాధువు ముందు మోకరిల్లి ఉంటాడు, వెనుక రెండు వేటకుక్కలు. ఇదే చిత్రకారుడు తరువాత ఫెదెరికోకూ పని చేశాడు. ప్రవేశానికి రుసుము లేదు, అయితే ఇది ఇప్పటికీ ప్రార్థనలు జరిగే ప్రధాన చర్చి కాబట్టి భుజాలు కప్పుకుని వెళ్లాలి.

సిజిస్మోందో కోట మాత్రం సైనిక చరిత్ర కోసం వచ్చినవారిని నిరాశపరుస్తుంది. అందులో 2021 నుంచి సినిమా దర్శకుడు ఫెలినీ మ్యూజియం నడుస్తున్నది. బయటి నుంచి గోడల వాలును చూసి ముందుకు సాగితే చాలు. రిమినిలో బస గురించి చెప్పాలంటే, సముద్రపు ఒడ్డున హోటళ్లు వరుసగా ఉన్నాయి. వేసవి వెలుపల ధరలు బాగా తగ్గుతాయి కానీ చాలావాటిని చలికాలంలో మూసివేస్తారు. సముద్రస్నానం కోసం కాకపోతే రైల్వే స్టేషనుకూ పాత ఊరికీ మధ్య గది తీసుకోవడమే మేలు.

శాకాహారులకు ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. ఈ ప్రాంతంలో మన రొట్టెను పోలిన పియదీనా ప్రతి వీధిలోనూ దొరుకుతుంది, చూడగానే ప్రాణం లేచి వస్తుంది. కానీ సంప్రదాయంగా ఆ పిండిలో పంది కొవ్వు కలుపుతారు. ఆలివ్ నూనెతో చేసినవి కూడా చాలా దుకాణాలలో ఉంటాయి, అడిగి తీసుకోవాలి. ఉర్బీనోలో దొరికే పొరల రొట్టె, క్రెష్యా విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. మా అక్క ప్రతి దుకాణంలోనూ ఇటాలియనులో ఒకే ప్రశ్న అడిగి అడిగి చివరకు ఆ ఒక్క వాక్యాన్ని ఊరివారిలాగే పలకడం నేర్చుకున్నది.

రిమిని నుంచి కొండల్లోకి వెళితే సాన్ లియో కోట వస్తుంది. బస్సులో వెళ్లాలంటే మధ్యలో మారాలి, సర్వీసులు పలుచగా ఉంటాయి, ఆదివారాలు మరీ తక్కువ. మేము కారు మాట్లాడుకున్నాము. ఈ మొత్తం ప్రయాణంలో కారుకు పెట్టిన ఖర్చు పూర్తిగా సార్థకమైనది ఇక్కడే. సొంతంగా నడపదలచినవారు మన దేశపు లైసెన్సుతోపాటు అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిట్ కూడా తెచ్చుకోవాలి, పాత ఊళ్ల మధ్యభాగంలో బయటి వాహనాలపై ఉండే ఆంక్షల బోర్డులను గమనించాలి. నిలువు బండ అంచున నిలబడ్డ ఈ కోటను 1441లో, పందొమ్మిదేళ్ల వయసులో, ఫెదెరికో మలతెస్తాల చేతుల్లోంచి పట్టుకున్నాడు. కొద్దిమంది సైనికులు రాత్రివేళ బండ ఎక్కి లోపలికి చొరబడ్డారు. కింద నిలబడి ఆ బండను తల వెనక్కి వంచి చూసినప్పుడే ఆ సాహసం ఎంతటిదో అర్థమవుతుంది, పుస్తకంలో చదివితే అర్థం కాదు. ఫిరంగుల కాలం వచ్చిందని గ్రహించి తరువాత అతడు వాస్తుశిల్పి ఫ్రాంచెస్కో ది జోర్జియో మార్తీని చేత దీనిని తిరిగి రూపొందింపజేశాడు. ఊరి వైపు ఉన్న రెండు గుండ్రటి బురుజులూ వాటి మధ్య గోడా ఆ మార్పుకు నిదర్శనాలు. తరువాతి కాలంలో ఇది చెరసాలగా మారింది, మంత్రవిద్యల మోసగాడిగా పేరుమోసిన కాల్యోస్త్రో 1795లో ఇక్కడే చనిపోయాడు. లోపలి ప్రదర్శన సేనానుల కంటే ఇతడికీ చిత్రహింసల పరికరాలకూ ఎక్కువ చోటు ఇవ్వడం నాకు నచ్చలేదు. ఊరి కూడలి నుంచి కోటకు నిటారుగా ఎక్కాలి, మోకాళ్ల నొప్పులున్నవారు ఆలోచించుకోవాలి. ఇక్కడ రాత్రి బస అవసరం లేదు.

ఉర్బీనోకు రైలు లేదు. రిమిని నుంచి రైలులో అరగంటలో పెసారో చేరి, స్టేషను బయట నుంచి బస్సు ఎక్కితే సుమారు గంటలో చేరవచ్చు. టికెట్టు ముందే కొనుక్కోవడం మంచిది. ఊరి కింద ఉన్న బోర్గో మెర్కతాలే అనే మైదానం నుంచి ఊరి మీదికి లిఫ్టు ఉన్నది. అది వద్దనుకుంటే ఫ్రాంచెస్కో ది జోర్జియో కట్టిన బురుజులోని మెలికల బాటలో ఎక్కవచ్చు. గుర్రాలు నేరుగా గుర్రపుశాలకు చేరడానికి కట్టిన దారి అది. తలెత్తితే రెండు సన్నని గోపురాల నడుమ ఒకదానిపై ఒకటిగా పేర్చిన వరండాలతో రాజభవనం కనిపిస్తుంది. ఈ ముఖం ఊరి వైపు కాక లోయ వైపు, అంటే బయటి నుంచి వచ్చేవారి వైపు తిరిగి ఉండటం గమనించదగ్గది.

రాజభవనానికి కనీసం ఒక పూట పూర్తిగా కేటాయించాలి. ఇప్పుడు ఇది మార్కే ప్రాంతపు జాతీయ చిత్రశాల. సోమవారం సెలవు, నెలలో మొదటి ఆదివారం మిగతా ప్రభుత్వ మ్యూజియంలలాగే ప్రవేశం ఉచితం కానీ రద్దీ ఎక్కువ. వాస్తుశిల్పి లుచానో లౌరానా తీర్చిన లోపలి ప్రాంగణంలో గోడ చుట్టూ లాటిన్ శాసనం నడుస్తుంది. ఫెదెరికో ఆరుసార్లు శత్రువుతో తలపడ్డాడు, ఎనిమిదిసార్లు తరిమికొట్టాడు, అన్ని యుద్ధాలలోనూ గెలిచి రాజ్యం పెంచాడు, శాంతికాలంలో అతడి న్యాయం, కరుణ, దాతృత్వం, భక్తి ఆ విజయాలకు సాటి వచ్చాయి అన్నది దాని సారాంశం. ఆరుసార్లు తలపడి ఎనిమిదిసార్లు తరమడం ఏమిటన్న లెక్క అటుంచితే, ‘కరుణ’ అన్న చోట నేను కొంతసేపు ఆగాను. ఆ రాతను, అతడి సైనికుల దోపిడీకి గురైన వోల్తెర్రా ప్రజలు చదివి ఉంటే ఏమనేవారో!

గదుల ద్వారాల మీదా పొయ్యిల మీదా చెక్కిన అక్షరాలను గమనిస్తూ తిరగండి. ‘కౌంట్’ అన్న సంక్షిప్తాక్షరం ఉంటే 1474కు ముందుది, ‘డ్యూక్’ అన్నది ఉంటే ఆ తరువాతది. ఆ ఏడాది పోపు నాలుగవ సిక్స్తుస్ అతడికి డ్యూక్ బిరుదు ఇచ్చాడు, ఇంగ్లండు రాజు నాలుగవ ఎడ్వర్డు గార్టర్ పతకం పంపాడు. అన్నింటికంటే గొప్పది అతడి చిన్న చదువుగది. గోడల కింది భాగమంతా రంగురంగుల కలప ముక్కలు పొదిగి చేసిన భ్రమ. సగం తెరచిన అల్మారాలు, లోపల పుస్తకాలు, వీణలాంటి వాద్యాలు, ఖగోళ యంత్రం, విప్పి పెట్టిన కవచం, గింజ కొరుకుతున్న ఉడుత కనిపిస్తాయి. చేయి పెట్టి తలుపు మూయాలనిపిస్తుంది. ఒక మూల అతడే కవచం లేకుండా పొడవాటి అంగీలో, బల్లెం మొనను నేలకు దించి నిలబడి ఉంటాడు. పై వరుసలో ఉండవలసిన 28 మంది మహనీయుల చిత్రాలలో సగం పారిస్‌లోని లూవ్రకు వెళ్లిపోయాయి. ఈ గది చూసేందుకు ఒకేసారి ఎక్కువమంది చేరితే ఏమీ కనిపించదు కాబట్టి తెరిచిన వెంటనే నేరుగా ఇక్కడికే వెళ్లి, చిత్రాలను తరువాత చూడాలని నా సలహా. పియెరో గీసిన ‘కొరడా దెబ్బలు’, ‘సెనిగాల్లియా మాత’, రఫాయెల్ గీసిన మూగదానిగా పేరుపడ్డ స్త్రీ చిత్రం, మూడూ 1975లో ఇక్కడి నుంచే దొంగతనానికి గురై, మరుసటి ఏడాది స్విట్జర్లండులో దొరికాయి.

చాలామంది హడావుడిలో వదిలేసేవి రెండు. ఒకటి, ఒకప్పుడు భవనం ముందు అరుగు వెంబడి అమర్చిన 72 రాతి పలకలు. ముట్టడి నిచ్చెనలు, ఫిరంగులు, నీరు తోడే యంత్రాలు, ఓడ పనిముట్లు వాటిపై చెక్కి ఉన్నాయి. ఈ ఇల్లు ఏ సొమ్ముతో లేచిందో దాచకుండా చెప్పే పలకలు ఇవే. రెండవది నేలమాళిగ, గుర్రపుశాలలు, వంటశాలలు, స్నానపు గదులు, మంచును నిల్వచేసే గొయ్యి ఇందులో ఉన్నాయి. ఇక భవనం ప్రవేశం పక్కనే ఉన్న గ్రంథాలయపు గదిలో గ్రంథాలు లేవు. ఫ్లోరెన్స్ పుస్తక వ్యాపారి వెస్పసియానో ద బిస్తిచ్చి సాయంతో సమకూర్చిన వందలాది చేతిరాత గ్రంథాలను 1657లో పోపు రోముకు తరలించాడు.

ఊరు మొత్తం కోటగోడల లోపలే, ప్రతి వీధీ ఎక్కుడో దిగుడో. గోడల లోపల పాత ఇళ్లలో గది తీసుకుంటే భవనం ముందు రాత్రిపూట జనం లేకుండా నడవవచ్చు. కాని లిఫ్టు ఉండదు, పెట్టె మోసుకుని మెట్లెక్కాలి. 1506లో మొదలైన విశ్వవిద్యాలయం ఊరి ప్రాణం. విద్యార్థుల వల్ల చవకైన తిండి రాత్రి ఆలస్యంగా కూడా దొరుకుతుంది, స్నాతకోత్సవాల వేళ గదులు దొరకవు. మేము దిగిన బసలో గది శుభ్రంగానే ఉన్నా, యజమాని ఫోనులో పంపిన తలుపు సంకేతం పనిచేయక వానలో చాలాసేపు బయట నిలబడవలసి వచ్చింది. మనిషి ఎదురుగా ఉండి తాళం ఇచ్చే చోటు చూసుకోవడం మంచిది. గది అద్దెకు అదనంగా మనిషికి రాత్రికింత చొప్పున ఊరి పన్ను వసూలు చేస్తారు, తరచుగా నగదులో అడుగుతారు. ఇక్కడి కష్యోత్తా జున్ను మెత్తగా, పుల్లదనం లేకుండా బాగుంటుంది. సాయంత్రానికి అల్బోర్నోజ్ కోట ఉన్న గుట్ట ఎక్కితే భవనం ఎదురుగా కనిపిస్తుంది, ఖర్చు లేదు. ఊరి బయట సాన్ బెర్నార్దీనో చర్చిలో ఫెదెరికో, అతడి కుమారుడు గుయిదొబాల్దో సమాధులు ఉన్నాయి. ఫెదెరికో కవచంతో మోకరిల్లి ఉన్న పియెరో చిత్రం ఒకప్పుడు ఇక్కడిదే, ఇప్పుడు మిలాన్‌లో ఉన్నది.

అతడు గద్దెనెక్కిన తీరు కూడా ఉర్బీనోలోనే తలచుకోవాలి. తండ్రికి వివాహేతర సంతానమైన ఫెదెరికోకు వారసత్వం రావలసిన పని లేదు. 1444 జూలైలో సవతి తమ్ముడు ఒద్దాంతోనియోను కొందరు కుట్రదారులు ఇదే ఊరిలో హత్య చేశారు, వెనువెంటనే ఫెదెరికో సైనికులతో ద్వారం దగ్గర ప్రత్యక్షమయ్యాడు. హంతకులను శిక్షించనని, పన్నులు తగ్గిస్తానని పౌరులతో రాతపూర్వకంగా ఒడంబడిక చేసుకున్న తరువాతే లోపలికి అడుగుపెట్టాడు. కుట్రలో అతడి చేయి ఉన్నదని రుజువు లేదు. కానీ ఆ వేగం చూస్తే అనుమానం రాకమానదు.

గుబ్బియోలో కూడా అతడికొక భవనం ఉన్నది. అక్కడి చదువుగది అసలుది న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉండగా, గుబ్బియోలో ఉన్నది నకలు. ఉర్బీనో చూసినవారు దీనిని వదిలేయవచ్చు.

ఫ్లోరెన్స్‌లో ఉఫ్ఫీజీ చిత్రశాలకు ముందే సమయం రిజర్వు చేసుకోవాలి, సోమవారం సెలవు. ఫెదెరికో, అతడి భార్య బత్తిస్తా ఒకరికొకరు ఎదురుగా ఉన్న జంట చిత్రాలు అక్కడ ఉన్నాయి. 1450లో ఒక పోటీలో బల్లెం తగిలి అతడి కుడి కన్ను పోయింది, ముక్కు పైభాగం తెగింది. అందుకే ఎక్కడ చూసినా ఎడమ పక్కే కనిపిస్తాడు. చాలామంది ముందువైపు ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. వెనుకవైపు కూడా చూడాలి, అక్కడ అతడు విజయరథం మీద ఊరేగుతుంటాడు. ఊరి ప్రధాన చర్చిలో జాన్ హాక్‌వుడ్ అనే మరో కిరాయి సేనాని గుర్రం మీద ఉన్న బొమ్మను ఉచ్చెల్లో 1436లో గీశాడు. పాలరాతి విగ్రహం కంటే గోడమీది బొమ్మ చవక అని ఫ్లోరెన్స్ వర్తకులు లెక్క వేసుకుని ఉంటారని నా అనుమానం.

ఫ్లోరెన్స్ నుంచి వోల్తెర్రాకు బస్సులో వెళ్లాలంటే కోల్లె ది వాల్ దెల్సాలో మారాలి. రెండవ బస్సులు తక్కువ, ఆదివారం వెళ్లడం అసలు మంచిది కాదు. అక్కడ వేచి ఉండటాన్ని మాత్రం మేము వృథాగా భావించలేదు, ఎందుకంటే అది కూడా ఫెదెరికో కథలోని ఊరే. వోల్తెర్రా దగ్గర దొరికిన పటిక గని ఆదాయంపై తగవు వచ్చింది. బట్టలకు అద్దకం వేసే ఫ్లోరెన్స్‌కు పటిక ప్రాణావసరం. 1472లో ఫ్లోరెన్స్‌ను తన గుప్పిట్లో ఉంచుకున్న లొరెంజో ద మెదిచి ఫెదెరికోను కుదుర్చుకుని వోల్తెర్రా మీదికి పంపాడు. సుమారు నాలుగు వారాలలోపే ఊరు షరతుల మీద లొంగిపోయింది. ప్రాణాలకూ ఆస్తులకూ హామీ దొరికిందని నమ్మి తలుపులు తెరిచిన జూన్ 18న సైనికులు ఊరిని దోచారు, స్త్రీలను చెరిచారు, ప్రజలను చంపారు. దోపిడీ తన ఆజ్ఞ కాదని, మొదలుపెట్టినవారిని ఉరితీయించాడని అతడి పక్షపువారు చెప్పుకున్నారు. అయితే ఆ ఊరి యూదు పండితుడి హీబ్రూ గ్రంథాల సంగ్రహం ఉర్బీనో గ్రంథాలయానికి ఎలా చేరింది? అందులోని ఒక భారీ హీబ్రూ బైబిలు నేటికీ వాటికన్‌లో ఉన్నది. ఫ్లోరెన్స్ అతడికి వెండి శిరస్త్రాణమూ ఊరి బయట ఒక భవనమూ బహూకరించింది.

ఆరేళ్లు గడిచాయి. 1478 ఏప్రిల్ 26న ఫ్లోరెన్స్ ప్రధాన చర్చిలో లొరెంజో తమ్ముడు జులియానోను పొడిచి చంపారు, లొరెంజో తప్పించుకున్నాడు. ఈ కుట్రకు ఫెదెరికో దాదాపు 600 మంది సైనికులను సిద్ధంగా ఉంచాడని, ఉర్బీనోలో ఒక కుటుంబ పత్రాలలో దొరికిన రహస్యలిపి లేఖను ఈ శతాబ్దపు తొలి ఏళ్లలో విప్పి చదివినప్పుడుగాని బయటపడలేదు. 1479లో అతడు ఫ్లోరెన్స్ మీదికే దండెత్తి, మేము బస్సు మారిన ఈ కోల్లె పట్టణాన్ని ముట్టడించి లొంగదీశాడు. “శిరస్త్రాణం ఇచ్చినవాడి ఊరినేనా?” అని అక్క అడిగింది. ఆ చర్య వెనుక అప్పటికి నేపుల్స్‌తోనూ పోపుతోనూ కుదిరిన ఒప్పందమే ఉన్నది.

వోల్తెర్రాలో ఫెదెరికో పేరున చెప్పుకోదగ్గ స్మారకం ఏదీ మాకు కనిపించలేదు. ఊరి మీద కూర్చున్న భారీ కోటే అతడి గుర్తు. దోపిడీ జరిగిన వెంటనే, ఊరు మళ్లీ తలెత్తకుండా లొరెంజో దానిని కట్టించాడు. ఇప్పటికీ అది జైలే; లోపలికి మామూలు సందర్శకులను రానివ్వరు, ఖైదీలే వండి వడ్డించే విందులు అప్పుడప్పుడు జరుగుతాయి, వాటికి చాలా ముందుగా గుర్తింపు పత్రాలతో పేరు నమోదు చేసుకోవాలి. కోట గోడ కిందనే పార్కు ఉన్నది, అక్కడ నుంచి బురుజులను తీరికగా చూడవచ్చు. పదమూడవ శతాబ్దపు ప్రియోరి భవనం ముందున్న కూడలిలో నిలబడితే ఊరు ఎంత చిన్నదో, దాని మీద మోపిన కోట ఎంత పెద్దదో తెలుస్తుంది. ఎత్రుస్కన్ మ్యూజియమూ రోమన్ నాటకశాలా చూడదగ్గవే అయినా అవి వేరే కథ.

బసకు ఈ మొత్తం ప్రయాణంలో నాకు అన్నింటికంటే నచ్చినది వోల్తెర్రా. పగటి యాత్రికులు సాయంత్రం బస్సులతో వెళ్లిపోతారు, గదుల ధరలు ఫ్లోరెన్స్ కంటే బాగా తక్కువ. మేము దిగిన ఇంటి పెద్దావిడ స్వయంగా తాళం ఇచ్చి, బస్సుల వేళల కాగితం కూడా ఇచ్చింది. ఊరి వంటలలో అడవి పంది మాంసానిదే పెద్దపీట కానీ, రొట్టె, చిక్కుడు గింజలు, ఆకుకూరలతో చిక్కగా చేసే రిబొల్లీతా శాకాహారులకు కడుపు నింపుతుంది. అందులో మాంసపు రసం వాడారా అని అడగడం మరువకండి. ఆలబాస్టర్ అనే మెత్తని రాతితో బొమ్మలు చెక్కే దుకాణాలలో కొన్నిచోట్ల వెనుక గదిలో పనివారిని చూడనిస్తారు, బేరం మాత్రం జరగదు. తిరుగు ప్రయాణం పీసా విమానాశ్రయం నుంచి అయితే మళ్లీ కోల్లె మీదుగా పోనక్కరలేదు, పోంతెదేరాకు బస్సులో దిగి అక్కడ రైలు పట్టుకోవచ్చు. అయితే ఉదయపు బస్సు తప్పితే తరువాతి దానికి చాలాసేపు వేచి ఉండాలి కాబట్టి విమానం వేళ చూసుకుని ముందు రోజే బయలుదేరడం క్షేమం.